నడుం తొక్కిన నక్క

సీతాఫలాల గుట్ట మీద నీలవ్వ అనే గాడిద ఉండేది. అటో గంప, ఇటో గంప కట్టుకొని పళ్లను కిందికి, బజారుకు చేర్చడం దాని పని. యజమానురాలు రెండు గంపలూ సమానంగా నింపి, మోదుగాకులు కప్పి, తాను అడ్డదారిన ముందే వెళ్లిపోయేది.

ఒకనాడు దిగ్గున లేవబోతే నీలవ్వకు నడుం పట్టేసింది.

"పున్నమిలోగా సరిగా మొయ్యకుంటే నీ పిల్లకు కడతా గంపలు," అంది యజమానురాలు. ఆ పిల్ల ఇంకా పాలు మరవలేదు. నీలవ్వ కుంటుకుంటూనే గంపలతో బయల్దేరింది.

దారిలో బండ మీద నక్క కూర్చుని ఉంది.

"నేను ఎదురుకాళ్లతో పుట్టినోణ్ణి అవ్వా! నేను తొక్కితే ఎంత పట్టయినా వదలాల్సిందే. కండ్లు మూసుకో. ఊరొచ్చేదాకా ఎనక్కి చూసినవో, వైద్యం పారదు."

తొక్కించుకుంది. ఊరి మొదట, కోళ్లగూటి పక్కనున్న తొట్టి దగ్గర ఆగి నీళ్లు తాగింది. రోజూ అలాగే తొక్కించుకున్నా నొప్పి తగ్గకపోగా రోజురోజుకీ పెరిగింది.

"వంకరగా పండుకుంటున్నవేమో," అంది నక్క. నీలవ్వ తిన్నగా పడుకుంది.

"గుంజుకొని లేస్తున్నవేమో." నిదానంగా లేచింది.

"చలిగాలేమో." గోడ చాటున నిలబడింది.

ఏం చేసినా అంతే. "ఇట్ల కాదు, ఇదేందో నేనే తేలుస్తా," అనుకుంది నీలవ్వ. మొదటి పట్టు ఎప్పుడో వదిలింది, ఇంటి నుంచి బండ దాకా నొప్పి లేదు. బండ దాటాక మొదలు, అదీ ఎడమ పక్కనే. ఊరి తొట్టి దాటితే మళ్లీ హాయి. పళ్లు మాత్రం బజారు దాకా అవే పళ్లు!

మర్నాడూ బుద్ధిగా తొక్కించుకుంది. కానీ తొట్టి దగ్గర ఆగలేదు. నడుం కలుక్కుమంటున్నా పళ్లు బిగించి పరుగందుకుంది.

"ఆగవ్వా! గట్ల ఉరికితే నడుం ఇరుగుతది!" ఎడమ గంపలోంచి అరుపు.

"ఇరగనీ వైద్యుడా! ఆగితే నువ్వు దిగి కోళ్లగూటికి పోతవ్."

నట్టనడి బజారులో ఆగింది. మాంసం కొట్టు ముందున్న కుక్కలు తలలెత్తాయి. మోదుగాకులు ఎగిరిపడ్డాయి, వైద్యుడు గుట్ట వైపు ఒకటే పరుగు. అతని తోకలో సగం కుక్కల దగ్గరే ఉండిపోయింది.

పున్నమి నాటికి నీలవ్వ రెండు గంపలతో నిటారుగా గుట్ట దిగింది. వెనకాల పిల్ల ఖాళీ వీపుతో గంతులేస్తూ వచ్చింది.

నీతి: నొప్పికి మందు అడిగే ముందు, అది ఎక్కడ ఎక్కుతోందో ఎక్కడ దిగుతోందో నువ్వే చూసుకో.