సలోమమ్మ మడత

అనగనగా, పెద్దాసుపత్రుల్లో ఫ్యాన్లింకా కిర్రుకిర్రుమంటూ తిరిగే రోజుల్లో, సముద్రం పక్క ఊళ్లో ఒక పిల్లల వార్డు. ఆ వార్డులో సలోమమ్మ అని ఒక ఆయా. తుడవడం, కడగడం, ఏడ్చే పిల్లల్ని ఊరుకోబెట్టడం ఆమె పని. మూడోది ఎవరూ చెప్పలేదు, తనే నెత్తికెత్తుకుంది.

అక్కడే పైడితల్లి అనే పిల్ల ఉండేది. దాని కడుపులో మెతుకు నిలిచేది కాదు. అందుకని డాక్టరుగారు ఛాతీలోంచి గుండె దగ్గరి పెద్ద రక్తనాళంలోకి సన్నని గొట్టం వేశారు. తిండంతా అందులోంచే. మిగతా నాళాలు ఎప్పుడో మూసుకుపోయాయి. ఈ గొట్టం పోతే ఇంకోటి వేయడానికి చోటు లేదు.

ఒక పొద్దున సలోమమ్మ చేతులు కడుక్కొచ్చి పిల్లకి గౌను మారుస్తోంది. వంగి వంగి పాతబడిన గొట్టం చిట్లింది. నెత్తురు చిమ్మింది. పక్కనే ఉన్న పిల్ల తల్లి కెవ్వుమంది. సలోమమ్మ చెయ్యి మాత్రం ఊరుకోలేదు. మొక్కలకు నీళ్లు పెట్టే పైపు చీలితే ఏం చేస్తాం? మడిచి పట్టుకోమూ? ఆమె అదే చేసింది. ఛాతీకీ చీలికకీ మధ్య గొట్టాన్ని మడిచి గట్టిగా నొక్కింది. నెత్తురు ఆగింది.

నర్సు గొట్టాన్ని నొక్కి బిగించే క్లిప్పు కోసం పరుగెత్తింది. మొదటి గదిలో లేదు.

"ఒగ్గేస్తావేటే మామ్మా?" అంది పిల్ల, ఎక్కడ వదిలేస్తుందోనని.

"ఒగ్గను తల్లీ."

రెండో గదిలో లేదు. సలోమమ్మ వేళ్లు తిమ్మిరెక్కాయి.

"ఒగ్గేస్తావేటే?"

"ఒగ్గను తల్లీ."

మూడో గదిలో దొరికింది. ఈసారి పిల్ల అడగలేదు. భయంతో కళ్లు మూసుకుంది. సలోమమ్మే చెప్పింది, "ఒగ్గనమ్మా."

డాక్టరుగారు వచ్చి క్లిప్పు బిగించారు. "ఇంక వదిలెయ్ సలోమమ్మా" అన్నారు. చెయ్యి తీసింది గానీ వేళ్లు విచ్చుకోలేదు, కొయ్యబారిపోయాయి. ఆయన చిట్లిన ముక్క కోసి, కొత్త ముక్క అతికించి, "జిగురు ఆరేదాకా పిల్ల కదలకూడదు" అన్నారు. పైడితల్లి కదిలితేగా! ముసల్దాని వేళ్లు ఊదుతూ, ఒక్కొక్కటే విప్పుతూ పడుకుంది. సలోమమ్మకి అప్పుడొచ్చింది ఏడుపు. సాయంత్రానికి గొట్టంలో తిండి మళ్లీ పారింది.

సలోమమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఒక ఫోటో కూడా లేదు. కానీ గొట్టంతో ఇంటికెళ్లే పిల్లల తల్లులకు ఆ వార్డులో ఇప్పటికీ ముందు నేర్పేది ఆ మడతే. సలోమమ్మ మడత అంటారు, పిల్లలకు ఆమె కథా చెబుతారు. ఎక్కడో ఒక ఇంట్లో గొట్టం చిట్లుతుంది. అమ్మో, నాన్నో, పక్కింటావిడో మడిచి పట్టుకుంటారు. పట్టుకున్నది ఎవరైనా సరే, పిల్లలు మాత్రం ఏడుపాపి ఒకటే అంటారు.

"సలోమమ్మొచ్చింది."