కొబ్బరి దుంగ మీది వరస

పైడిలంక అనే ఊళ్ళో తాతారావు మాస్టారని ఒక చెడుగుడు గురువు ఉండేవాడు. మనిషి బంగారమే కానీ, ఎవరికి తగిలిన దెబ్బనైనా తానే క్షమించేసే దుర్గుణం ఒకటి ఉండేది ఆయనకి.

అదేం దుర్గుణం, మంచి గుణమే కదా అంటారా? ఊరంతా అలాగే అనుకునేది. తన కోడిని ఎవరైనా పట్టుకుపోతే, "పోనిద్దురూ, ఆకలేసిందేమో" అనేవాడు. సరే, కోడి ఆయనది, ఆయనిష్టం. పక్కింటివాళ్ళ కోడిని పట్టుకుపోయినా, "పోనిద్దురూ, ఆకలేసిందేమో" అనే అనేవాడు. చిక్కంతా అక్కడే ఉంది.

గోదావరి పాయ ఒడ్డున ఆయన చెడుగుడు బరి ఉండేది. ఏటా వరద తీశాక మగపిల్లలూ ఆడపిల్లలూ కలిసి తట్టలతో ఒండ్రుమట్టి మోసుకొచ్చేవారు. రాళ్ళు ఏరి, నీళ్ళు చల్లి, బరిని మెత్తగా తయారుచేసేవారు. పొద్దున్న మగజట్టు, సాయంత్రం ఆడజట్టు ఆడేవి. రెండింటికీ ఆయనే గురువు.

బరి పక్కనే ఒక కొబ్బరి దుంగ పడి ఉండేది. ఆటలో ఔటైనవాళ్ళు వెళ్ళి దాని మీద వరసగా కూర్చోవాలి. ఎదుటి జట్టులో ఎవరైనా ఔటైతే, ఇటు దుంగ మీద నుంచి ఒకరు లేచి మళ్ళీ ఆటలోకి వెళ్ళొచ్చు. ముందు ఔటైనవాళ్ళే ముందు లేవాలి. ఆ వరస తప్పించి ఎవరైనా లేచారో, మాస్టారు ఈల నోట్లోంచి తీసి మరీ తిట్టేవాడు. "నీకంటే ముందొచ్చి కూర్చున్నవాళ్ళు నీ కళ్ళకి కనబడలేదుట్రా?" అనేవాడు. ప్రపంచంలో అన్నిటినీ క్షమించే మనిషి, అదొక్కటీ క్షమించేవాడు కాదు.

మగజట్టులో లోవరాజని ఒక కుర్రాడు, ఆడజట్టులో సత్యవేణి అని ఒక పిల్ల. ఇద్దరూ ఇద్దరే. లోవరాజు కూతకి వెళ్ళాడంటే ఒట్టి చేతులతో తిరిగొచ్చేవాడు కాదు. సత్యవేణి సంగతి అడక్కండి! ఆ పిల్ల కూత మొదలుపెడితే చూసేవాళ్ళకి ఆయాసం వచ్చేది గానీ, ఆమెకి ఊపిరి తెగేది కాదు. "రాష్ట్రం జట్టులో చోటు నీకోసం కాసుకుని కూర్చుందే" అని మాస్టారు మురిసిపోయేవాడు.

ఒకసారి పొరుగూరి పోటీలకి రెండు జట్లూ వెళ్ళి, అక్కడి బడిలో బస చేశాయి. ఆ బడిలోనే లోవరాజు సత్యవేణి మీద అఘాయిత్యం చేశాడు.

సత్యవేణి నోరు మూసుకుని కూర్చోలేదు. తండ్రిని వెంటబెట్టుకుని పోలీసుల దగ్గరికి వెళ్ళింది. కోర్టులో నిలబడి, అడగకూడని ప్రశ్నలు అడిగినా తల దించకుండా జవాబు చెప్పింది. నేరం రుజువైంది. లోవరాజుకి జైలుశిక్ష పడింది.

ఇంకేముంది, న్యాయం జరిగిపోయిందని ఊరు చేతులు దులుపుకుంది. ఆ తర్వాత సత్యవేణి మాత్రం బరికి రాలేదు. ఎందుకు రావడం లేదని ఎవరూ వెళ్ళి అడగలేదు. మాస్టారూ అడగలేదు. "పాపం, కదిలిస్తే బాధపడుతుంది" అనుకున్నాడు. నిజం చెప్పాలంటే, ఆ ఇంటి గుమ్మంలో నిలబడి ఏం మాట్లాడాలో ఆయనకి తెలీలేదు. ఇవాళ కాదు రేపు, రేపు కాదు ఎల్లుండి అనుకుంటూనే ఏళ్ళు గడిపేశాడు.

శిక్ష పూర్తయి లోవరాజు తిరిగొచ్చాడు. తిన్నగా బరి దగ్గరికి వచ్చి మాస్టారి కాళ్ళ మీద పడ్డాడు.

"మాస్టారండీ, నా బతుకు బుగ్గైపోయిందండీ. నాకు ఆట తప్ప ఇంకేం వచ్చండీ? ఒక్క అవకాశం ఇవ్వండి" అని వెక్కి వెక్కి ఏడ్చాడు.

మాస్టారి మనసు వెన్నలా కరిగిపోయింది. "లేరా, లే. ఔటైనవాడు మళ్ళీ లేచి రావడమేరా చెడుగుడంటే. నువ్వూ దుంగ మీద కూర్చున్నావు, నీ వంతు వచ్చింది. పోనీలే" అని భుజం తట్టి జట్టులో చేర్చుకున్నాడు.

జట్టుకి పెద్ద బుల్లబ్బాయిగారు. ఆయనకి కొబ్బరికాయల లారీలున్నాయి. ఈ కబురు విని ఎగిరి గంతేశాడు. "ఈ ఏడు జిల్లా కప్పు మనదేనండీ మాస్టారూ! మీలాంటి దయగల మనిషి ఎక్కడుంటాడండీ?" అన్నాడు. ఆ మాట మాస్టారికి తీపిగా తగిలింది. తనంత దయగలవాడు లేడని తనకీ అనిపించింది.

అయితే ఆ సాయంత్రం నుంచి ఆడజట్టు పలచబడసాగింది. ఒక పిల్ల జ్వరమని మానేసింది. ఒక పిల్ల అక్క పెళ్ళంది. ఇంకో పిల్లని వాళ్ళమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది, కారణం కూడా చెప్పలేదు. చివరికి నాయకురాలు అనంతలక్ష్మి ఒక్కతే మిగిలింది.

"ఏమిటమ్మా ఇది? పోటీలు దగ్గరికొచ్చాయి. జ్వరాలూ పెళ్ళిళ్ళూ ఇప్పుడేనా?" అని మాస్టారు విసుక్కున్నాడు.

"జ్వరమూ కాదు, పెళ్ళీ కాదు మాస్టారండీ. మీ మొహం మీద చెప్పలేక అలా అంటున్నారు. లోవరాజు ఉన్నచోటికి మేం రాం" అంది అనంతలక్ష్మి.

"వాడు శిక్ష అనుభవించాడమ్మా. మారిపోయాడు."

"మారాడేమోనండీ. మీకెలా తెలిసింది?"

"ఎంత ఏడ్చాడో తెలుసా నీకు?"

"సత్యవేణక్క కూడా ఏడ్చిందండీ. అది మీరు చూడలేదు" అని, మాస్టారికి దణ్ణం పెట్టి ఆ పిల్ల కూడా వెళ్ళిపోయింది.

మాస్టారి మనసు చివుక్కుమంది. కానీ ఆయన కళ్ళు తెరుచుకోలేదు. "చిన్నపిల్లలు, వాళ్ళే సర్దుకుంటారు" అనుకున్నాడు. ఎవరైనా సర్దుకోవలసి వచ్చినప్పుడు ఆ పని ఎప్పుడూ వీళ్ళకే ఎందుకు పడుతుందో ఆయన ఆలోచించలేదు.

ఇంతలో పోటీలు నడిపే పెద్దలు అడ్డం తిరిగారు. "ఇలాంటివాణ్ణి ఆడిస్తే నలుగురూ మా మొహాన ఉమ్మేస్తారు. అయినా మీ మాట కాదనలేం. ఆ అమ్మాయే వచ్చి, నాకేం అభ్యంతరం లేదని ఒక్కమాట చెబితే చూద్దాం" అన్నారు.

"ఓస్, అంతేనా! సత్యవేణి నా బిడ్డలాంటిది. నా మాట తీసేస్తుందా?" అని మాస్టారు ఆ మర్నాడే సైకిలెక్కి బయల్దేరాడు.

సత్యవేణి వాళ్ళ నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మాస్టారిని చూసి లేచాడు. నమస్కారమైనా పెట్టకుండా లోపలికి వెళ్ళిపోయాడు. కాసేపటికి సత్యవేణి వచ్చింది. పీచు మిల్లులో పనికి పోతోందట, తలనిండా కొబ్బరిపీచు నూగు. దగ్గుకుంటూనే కుర్చీ వేసి, మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

"బాగున్నావా అమ్మా?" అన్నాడు మాస్టారు.

"ఆయ్, ఉన్నానండీ."

మాస్టారు నీళ్ళు తాగి, గొంతు సవరించుకుని, వచ్చిన పని చెప్పాడు. లోవరాజు ఎంత చిక్కిపోయాడో చెప్పాడు. వాడి తల్లి ఎంత కుమిలిపోతోందో చెప్పాడు. "నీ నోట ఒక్కమాట చాలమ్మా, ఒక జీవితం నిలబడుతుంది. నీది పెద్ద మనసు" అన్నాడు.

సత్యవేణి అంతా వింది. కోప్పడలేదు.

"మాస్టారండీ, ఇన్నేళ్ళలో మీరు మా గుమ్మం తొక్కింది ఇదే మొదలండీ. సైకిలు చప్పుడు విని మీరేనని గుర్తుపట్టాను. నాకోసం వచ్చారనుకున్నాను" అంది.

మాస్టారు చేతిలోని గ్లాసు కింద పెట్టాడు.

"ఒక్క సంగతి చెప్పండి. దుంగ మీద ఇద్దరు కూర్చున్నారు. ఎవరు ముందు లేవాలండీ?"

"ముందు ఔటైనవాళ్ళు" అన్నాడు మాస్టారు, అలవాటు కొద్దీ.

"ముందు ఔటయింది నేను కదండీ."

పెరట్లో ఎక్కడో కోడి అరిచింది.

"వాడు తప్పు చేసి ఔటయ్యాడు. నేనేం చేసి ఔటయ్యానండీ?" అంది సత్యవేణి. "రోజూ సాయంత్రం మీ ఈల మా ఇంటిదాకా వినబడుతుందండీ. ఎవరో ఒకరు వచ్చి, రావే సత్యవేణీ, అంటారని చూశాను. ఒక్కరూ రాలేదు. వాడు రాగానే మాత్రం మీరే లేవదీశారు. వరస తప్పితే ఊరుకోనని మాకు నేర్పింది మీరే కదండీ?"

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. తను దయ అనుకున్నదంతా ఎవరి సొత్తులోంచి తీసి ఇచ్చాడో అప్పుడు తెలిసింది. "తప్పయిపోయిందమ్మా" అని మాత్రం అనగలిగాడు.

తిరిగొచ్చి లోవరాజుని పిలిచాడు.

"ఒరే, నువ్వు వచ్చిన దగ్గర్నుంచి ఆ పిల్ల ఎలా ఉందని ఒక్కసారైనా అడిగావా?"

లోవరాజు తల వంచుకున్నాడు. "అదెందుకులెండి మాస్టారూ, పాత గొడవ. నేను పడ్డది చాలదాండీ? నా వయసంతా పోయింది, నా పేరు పోయింది..."

నా బతుకు, నా వయసు, నా పేరు! మొదటిరోజు ఏడ్చిన ఏడుపు కూడా ఇదేనని మాస్టారికి అప్పుడు గుర్తుకొచ్చింది. ఆ ఏడుపులో సత్యవేణి పేరు ఒక్కసారి కూడా లేదు. అది గమనించకుండా కరిగిపోయినందుకు తనని తానే తిట్టుకున్నాడు.

"చూడరా, నువ్వు ఆకలితో మాడకూడదు. నిన్ను ఎవరూ రాళ్ళు పెట్టి కొట్టకూడదు. బుల్లబ్బాయిగారితో చెప్పి లారీల దగ్గర పని ఇప్పిస్తాను, ఒళ్ళు వంచి బతుకు. అది నీ హక్కు. కానీ ఊరి పేరున్న బనీను వేసుకుని, జనం చేత చప్పట్లు కొట్టించుకోవడం హక్కు కాదు. అది గౌరవం. ఆ చప్పట్లు ఆ పిల్ల ఇంటిదాకా వినబడతాయిరా" అన్నాడు.

లోవరాజు మొహం ఎర్రబడింది. విసవిసా వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి లారీల దగ్గర కాయలెత్తే పనిలో చేరాడు. బుల్లబ్బాయిగారు మాత్రం మండిపడ్డాడు. "చేతికొచ్చిన కప్పుని కాలితో తన్నేశారు కదండీ!" అని ఆ ఏడంతా మాస్టారితో మాట్లాడలేదు. మగజట్టు మొదటి పోటీలోనే ఓడింది. ఆడజట్టు అసలు వెళ్ళనే లేదు.

ఇదంతా అయ్యాక మాస్టారు మళ్ళీ సత్యవేణి ఇంటికి వెళ్ళాడు. ఈసారి కుర్చీలో కూర్చోలేదు.

"వరస ప్రకారం నీదేనమ్మా మొదటి వంతు. లే తల్లీ, బరికి పోదాం" అన్నాడు.

సత్యవేణి లేచి, పైటకొంగు నడుముకి దోపి, వాకిట్లో గీత ఉందన్నట్టుగా నిలబడింది. వంగి నేలని తాకి కళ్ళకద్దుకుంది. గుండెనిండా ఊపిరి పీల్చి కూత అందుకుంది.

"చెడుగుడు చెడుగుడు చెడుగు..."

అంతే. దగ్గు తెర ముంచుకొచ్చింది. ఊపిరి తెగిపోయింది. గుమ్మం పట్టుకుని ఆయాసపడుతూ ఉండిపోయింది. మిల్లులో పీచుదుమ్ము ఆ ఊపిరిని ఎప్పుడో మింగేసింది. ఎంత కూతండీ అది! వినడానికి పక్క లంకల నుంచి జనం పడవలు కట్టుకుని వచ్చేవారు.

మాస్టారు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"మీమీద కోపం లేదు మాస్టారండీ. మీరు రావడమే ఆలస్యమయింది. ఆ పిల్లల ఇళ్ళకైనా త్వరగా వెళ్ళండి, వాళ్ళకింకా ఊపిరుంది" అంది సత్యవేణి.

ఆయన ఇల్లిల్లూ తిరిగాడు. ప్రతి గుమ్మంలోనూ, "తప్పు నాది, మీ పిల్లని పంపండి" అని అడిగాడు. అనంతలక్ష్మి ముందు వచ్చింది, తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. మళ్ళీ వరదొచ్చి తీశాక అందరూ కలిసి ఒండ్రు మోశారు. సత్యవేణి మాత్రం రాలేదు. దుంగ మీద ఆమె కూర్చునే చోటు చూసినప్పుడల్లా మాస్టారు మొహం పక్కకి తిప్పుకునేవాడు. దయగలవాడని ఎవరైనా పొగిడితే ఆయన అక్కడి నుంచి లేచిపోయేవాడు.

అప్పటి నుంచి ఎవరైనా వచ్చి, "పాపం మాస్టారండీ, వాడేదో తెలీక చేశాడు, పోనిద్దురూ" అంటే ఆయన ఒక్కటే అడిగేవాడు: "కోడి ఎవరిదయ్యా? ముందు వాళ్ళింటికి వెళ్ళొచ్చావా?"

నీతి: ఒకరికి తగిలిన గాయాన్ని వేరొకరు క్షమించేయడం దయ కాదు. తప్పు చేసినవాడికి రెండో అవకాశం ఇచ్చే ముందు, ఏ తప్పూ చేయకుండా మొదటి అవకాశమే పోగొట్టుకున్నవారిని చెయ్యి పట్టుకుని లేవదీయాలి, అదీ వారి ఊపిరి ఉండగానే.