షామియానా కింది గీత

స్రవంతి సైకిల్‌కి స్టాండ్ వేయలేదు. వాకిట్లో అలాగే పడేసి లోపలికి వచ్చింది.

"ఉస్తాద్, నాకీ రెఫరీ పని వద్దు."

ఉస్తాద్ ఖాజా మొహినుద్దీన్ మంచం మీద కూర్చుని మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నాడు. బొగ్గు గనిలో ఉద్యోగం చేస్తూనే ముప్పై ఏళ్ళు ఆ గనుల కాలనీ మైదానంలో ఫుట్‌బాల్ ఆటలకు రెఫరీగా నిలబడ్డ మనిషి. మైదానం కొలవడం, సున్నంతో గీతలు గీయడం, విజిల్ ఎప్పుడు ఊదాలో ఎప్పుడు ఊదకూడదో, అన్నీ స్రవంతి ఆయన దగ్గరే నేర్చుకుంది. మూడేళ్ళయింది. ఆ రోజు సాయంత్రం నాలుగింటికి ఆడపిల్లల ఫైనల్. మైదానం సిద్ధం చేయడం, ఆట నడిపించడం రెండూ మొదటిసారి ఆమెకే అప్పగించారు.

"ఏమైంది బిడ్డా?"

"ఏమైతది! షామియానా తెచ్చి మైదానంల ఏసిన్రు. నిన్న మగపిల్లల ఫైనల్‌కు ఒక్క గుంజ గూడ లోపలికి రాలే. ఇయ్యాల రెండు గజాలు లోపలికొచ్చిన్రు. ఎందుకో తెలుసా? సోఫాల ముంగట టీపాయ్‌లు పడుతలేవంట!"

ఉస్తాద్ నూనె సీసాకు మూత పెట్టాడు.

"ఇదేంది సార్ అని ఆటల కమిటీ సెక్రటరీని అడిగిన. 'ఆడపిల్లల ఆటనే గదమ్మా, వాళ్ళకంత జాగ ఎందుకు, గీత జర లోపలికి జరుపు' అన్నడు. నవ్వుకుంట అన్నడు ఉస్తాద్! ఆ పక్కన ఉరికే పిల్ల పోయి గుంజకు గుద్దుకుంటే ఎవరు జవాబు చెప్తరు? పొద్దున ఆరింటికొచ్చి ఆడుకుంటరు ఆ పిల్లలు. వాళ్ళ మైదానం మీద మిక్చర్ ప్లేట్లు పెట్టుకుంటరా? నేను అర్జీ రాస్త. మీరు గూడ సంతకం పెట్టాలె."

ఉస్తాద్ తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. గోడకు వేలాడుతున్న తాడు చుట్టను భుజానికి తగిలించుకున్నాడు.

"సంతకం తర్వాత. ముందు గీత చూపియ్యి."

వాళ్ళు మైదానానికి వెళ్ళేసరికి మూడు దాటింది. షామియానా కింద అతిథులు అప్పటికే వచ్చి కూర్చున్నారు. ముందు వరుసలో, మధ్య సోఫాలో ముఖ్య అతిథి. మెడలో శాలువా, చేతిలో కొబ్బరిబోండం. మైదానం అవతలి పక్క రెండు జట్ల ఆడపిల్లలు నేల మీద కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్నారు.

ఉస్తాద్ మూల జెండా దగ్గర మొదలుపెట్టి గీత వెంబడి నడిచాడు. గీత నేరుగా వచ్చి, షామియానా దగ్గర లోపలికి ఒంగి, గుంజల చుట్టూ తిరిగి, అవతలికి వెళ్ళి మళ్ళీ నేరుగా సాగింది. ఆయన మోకాలు పట్టుకుని కిందికి వంగి చూశాడు.

"మంచిగ గీసినవ్. ఎక్కడ సన్నగ గాలే, ఎక్కడ లావు గాలే. ఈ వంకర గూడ సాఫ్‌గ వచ్చింది."

స్రవంతి ముఖం ఎర్రబడింది.

"ఎవరు గీయించిన్రు?"

"సెక్రటరీ సారే."

"చెయ్యి ఎవరిది?"

"నేను గీయకుంటే ఇంకెవరితోనన్న గీయించేటోళ్ళు, ఉస్తాద్."

"చెయ్యి ఎవరిదని అడిగిన."

స్రవంతి తన అరచేతికి అంటిన సున్నం వంక చూసుకుంది.

ఉస్తాద్ కాలి చెప్పుతో ఆ వంకర గీతను చెరపడం మొదలుపెట్టాడు. తొందర లేదు. ఒక్కో అడుగూ చెరిపేసి మట్టి కప్పాడు. తర్వాత తాడు ఒక కొస మూల జెండాకు కట్టి, రెండో కొస ఆమె చేతికిచ్చి అవతలి మూల చూపించాడు.

ఆ మూలకు నేరుగా పోవాలంటే షామియానా లోంచే పోవాలి. స్రవంతి తాడు పట్టుకుని సోఫాలకూ టీపాయ్‌లకూ మధ్య నుంచి నడిచింది. ఇద్దరు ముగ్గురు విసుగ్గా మోకాళ్ళు పక్కకు తిప్పారు. అవతలి జెండాకు కట్టి బిగించేసరికి తాడు ముఖ్య అతిథి బూట్ల మీదుగా నిలిచింది.

తిరిగి వచ్చేసరికి ఉస్తాద్ సున్నం డబ్బాతో షామియానా అంచు దాకా గీసి ఆగి ఉన్నాడు. డబ్బా ఆమె చేతిలో పెట్టి నాలుగడుగులు వెనక్కి జరిగాడు.

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. ఆయన తాడు వంక చూస్తున్నాడు.

స్రవంతి వంగింది. ఎర్ర తివాచీ మీద తెల్ల సున్నం పడింది.

"ఏయ్! ఏం జేస్తున్నవమ్మా?" సెక్రటరీ శ్యాంప్రసాద్ మైకు వదిలి పరుగెత్తుకొచ్చాడు. "ఆ తివాచీ ఎవరిదనుకున్నవ్? ఆపు ముందు!"

"గీత గీస్తున్న సార్."

"చెప్పిన గద, లోపలికి జరపమని!"

"జరిపిన సార్. తప్పు జేసిన."

డబ్బా ఆగలేదు. మొదటి సోఫా, రెండో సోఫా దాటింది. మూడో సోఫా దగ్గర నల్ల బూట్లు. స్రవంతి తల ఎత్తింది.

"సార్, ఫుట్‌బాల్‌ల గీత గూడ మైదానమే. గీత మీద ఉంటే లోపల ఉన్నట్టే లెక్క. ఆట మొదలైతే ఆడేటోళ్ళు తప్ప ఇంకెవరూ లోపల ఉండొద్దు. జర కాళ్ళు తీయండి."

ముఖ్య అతిథి చుట్టూ చూశాడు. ఎవరైనా ఆమెను పక్కకు లాగుతారేమోనని కాసేపు ఆగాడు. సెక్రటరీ చెయ్యి ముందుకు చాచాడు కానీ, అవతలి పక్క ముప్పైమంది ఆడపిల్లలు లేచి నిలబడి ఇటే చూస్తున్నారు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

బూట్లు పైకి లేచాయి. గీత వాటి కింది నుంచి పోయింది.

ఆమె అవతలి అంచు చేరేసరికి ముఖ్య అతిథి బూటు మీది సున్నం దులుపుకుంటూ, ముఖం గంటు పెట్టుకుని వెనక వరుసలోకి వెళ్ళాడు. ఆయన లేచాక మిగతావాళ్ళు కూర్చోలేకపోయారు. టీపాయ్‌లు లేచాయి. సోఫాలు వెనక్కి జరిగాయి. పనివాళ్ళు గుంజలు పీకి గీతకు అవతల పాతారు. ఆట ఇరవై నిమిషాలు ఆలస్యమైంది.

సెక్రటరీ స్రవంతి పక్కకు వచ్చి గొంతు తగ్గించి అన్నాడు. "వచ్చే ఏడు ఈ మైదానంల అడుగు పెట్టు, చూస్త."

ఆమె ఉస్తాద్ దగ్గరకు నడిచింది. ఆయన గడ్డిలో కూర్చుని తాడు చుట్ట చుడుతున్నాడు. ఆమె సున్నం అంటిన వేళ్ళు దులుపుకుంది.

"వచ్చే ఏడు నన్ను పిలువరు, ఉస్తాద్."

ఉస్తాద్ తాడు కొసను ముడి వేశాడు.

"ఇయ్యాల పిలిచిన్రు గద. పో, పిల్లలు ఎదురుచూస్తున్నరు."