నెయ్యి పడని వరస

తణుకులో హైమ అనే డిగ్రీ అమ్మాయి ఉండేది. చదువులోనూ పనిలోనూ చురుకైనదే కానీ, తాను పని చేసుకుంటూ చదువుతున్నానని తోటివాళ్లకు తెలియడమంటే మాత్రం ఆమెకు తల కొట్టేసినట్టుండేది.

హైమ తండ్రికి రైసుమిల్లులో పని. ఆ జీతం ఇంటికి సరిపోతే కాలేజీకి మిగిలేది కాదు. అందుకని ముహూర్తాలున్న రోజుల్లో హైమ పేర్రాజు గారి క్యాటరింగులో వడ్డనకు వెళ్లేది. క్లాసులో మాత్రం, "మా మేనత్త కొడుకు పెళ్లి", "మా చినమామయ్య కూతురి పెళ్లి" అని చెప్పేది.

"ఎంతమంది చుట్టాలే బాబూ నీకు! ఊళ్లో సగం పెళ్లిళ్లు మీ ఇంటివేనా?" అనేది స్నేహితురాలు సుహాసిని. హైమ నవ్వేసి మాట మార్చేది.

ఒకరోజు పెద్ద పెళ్లి వచ్చింది. "ఇవాళ మొదటి బంతి మగపెళ్లివారిది. నేతి గిన్నె నీదేనమ్మా. ఏ మాటా రాకుండా చూడు, వేసవి పెళ్లిళ్లన్నిటికీ నిన్నే పిలుస్తాను" అన్నాడు పేర్రాజు. వేసవి పెళ్లిళ్లంటే ఆఖరి ఏడాది ఫీజు. హైమ హుషారుగా గిన్నె అందుకుంది.

రెండు వరసలు చకచకా అయిపోయాయి. మూడో వరస మొదట్లోనే పట్టులంగాలో సుహాసిని కనిపించింది! పెళ్లికొడుకు చెల్లెలు ఆమెకు స్నేహితురాలట. హైమ గిర్రున వెనక్కి తిరిగింది. ఎదురొచ్చిన గంగాధర్ అనే కుర్రాడితో, "ఇక్కడ నెయ్యి వడ్డించడం అయిపోయింది, నువ్వు కూర వెయ్యి" అని చెప్పి నాలుగో వరసలోకి జారుకుంది.

నెయ్యి పడందే ముద్ద ఎవరు ఎత్తుతారు? మూడో వరస వాళ్లు పప్పన్నం కలుపుకుని కూర్చున్నారు. పిలిచారు. మళ్లీ పిలిచారు. ఆ వరస చివర పెళ్లికొడుకు మేనమామ ఉన్నాడు. ఆయన చెయ్యి విదిలించి లేచాడు.

"పక్క వరసకు నెయ్యి, మాకు ఉత్త పప్పన్నమా? మగపెళ్లివారిని పిలిచింది ఇందుకేనా?"

ఆయన లేచేసరికి వరసంతా లేచింది. పెళ్లికూతురి తండ్రి పరుగున వచ్చి చేతులు జోడించాడు. "బావగారూ, విస్తరి ముందు నుంచి లేవకండి" అని బతిమాలాడు.

"మూడో వరసలో ఎవర్రా వడ్డిస్తోంది? నువ్వేనా?" అని పేర్రాజు గంగాధర్ చొక్కా పట్టుకున్నాడు. వాడు చేతిలోని కూర గిన్నె చూపించాడు.

హైమ స్తంభం చాటున నిలబడి ఉంది. ఊరుకుంటే తన గుట్టు దాగుతుంది. కానీ జోడించిన ఆ చేతులు చూశాక ఆమె కాళ్లు అక్కడ నిలవలేదు.

"వాణ్ణి వదిలేయండి. తప్పు నాది" అంటూ ముందుకొచ్చి, మేనమామ వైపు తిరిగింది. "బాబాయి గారూ, ఈ వరసలో నా క్లాసు అమ్మాయి ఉంది. నేను వడ్డనకు వస్తానని తెలిస్తే చిన్నతనమని తప్పించుకుపోయాను. ఆడపెళ్లివారికి ఇందులో ఏ పాపమూ తెలీదు."

మేనమామ ఆమెను ఎగాదిగా చూశాడు. "ఏం చదువుతున్నావు?"

"బీఎస్సీ రెండో ఏడండీ. దీంతోనే ఫీజు కడుతున్నాను."

"మరి దొంగతనం చేస్తున్నట్టు దాక్కోవడం దేనికి?" అని ఆయన పేర్రాజు వైపు తిరిగాడు. "లేచిన విస్తట్లో నేను తినను. కొత్తది వేయించు. ఈ అమ్మాయే వడ్డించాలి. ఇంత ఆలస్యం చేసింది కనుక, గరిటెడు కాదు, రెండు!"

వరసంతా నవ్వుతూ కూర్చుంది. పెళ్లికూతురి తండ్రి కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"అలా నిలబడ్డావేమే?" అంది సుహాసిని. "నాకూ వెయ్యి, పప్పు చల్లారిపోతోంది."

పేర్రాజు ఆ పూట కూలి ఇవ్వలేదు. హైమ అడగనూ లేదు. అయితే వేసవి ముహూర్తాలు రాగానే మళ్లీ కబురు పెట్టాడు. "తప్పు ఒప్పుకునే మనిషి చేతికి గిన్నె ఇవ్వడానికి నాకు భయం లేదు" అన్నాడు. ఆ మాట విన్న సుహాసిని, "ఇంకో మనిషి కావాలేమో అడగవే. నా హాస్టల్ ఫీజుకు నాన్న ఇబ్బంది పడుతున్నారు" అని చెవిలో చెప్పింది. ఈసారి ఇద్దరూ కలిసి వెళ్లారు.

నీతి: చదువు కోసం పని చేయడంలో చిన్నతనం లేదు; చేసే పనిని దాచబోయి పాడు చేసుకోవడమే చిన్నతనం.