మూడు పున్నముల మొహమాటం

ఎప్పటి మాటో తెలిసినవాళ్ళు ఇప్పుడెవరూ లేరు గానీ, మందారగిరి అని ఒక రాజ్యం, దానికొక రాజూ ఉండేవారర్రా. ఆ రాజ్యంలో ఒక చిత్రమైన మర్యాద ఉండేది. ఎవరేం ఇవ్వబోయినా మొదటిసారి "అబ్బే, వద్దండీ" అనాలి. రెండోసారి "మీకెందుకండీ శ్రమ" అనాలి. మూడోసారి "సరే, మీ మాట కాదనలేక" అని పుచ్చుకోవాలి. ఆకలితో కడుపు మాడిపోతున్నా సరే, మూడుసార్లు పిలిచేదాకా విస్తరి ముందు కూర్చోకూడదు. బావిలో పడ్డ ఒక పెద్దాయన, తాడు వేసినవాళ్ళతో కూడా "పర్లేదండీ, వద్దు" అన్నాడట! మూడోసారి వేసేదాకా నీళ్ళు మింగుతూనే ఉన్నాడట. మర్యాదటర్రా అది! పట్టుబట్ట కట్టుకున్న భయం.

ఆ రాజుకు తారావళి అని ఒక్కతే కూతురు. పక్క రాజ్యపు యువరాజు కుముదసేనుడు చిన్నప్పటి నుంచీ ఆమెతో ఆడుకున్నవాడే. పుల్లమామిడి కొరికి ఒక కన్ను మూసుకునే తారావళి, ఆటలో ఓడితే గవ్వలు విసిరికొట్టే తారావళి, అతని మనసు నిండా ఆమే. ఆమె మనసు నిండా అతనే. నోరు విప్పి చెప్పినవాళ్ళు మాత్రం ఇద్దరిలో ఒక్కరూ లేరు.

ఒకనాడు నిండు సభలో రాజు అడిగాడు. "నాయనా కుముదసేనా, మా అమ్మాయిని చేసుకుంటావా?"

యువరాజు గుండె గంతులేసింది. నోరేమో, "అబ్బే, ఇప్పుడేం తొందర మహారాజా" అంది. తెర వెనక తారావళి ముసిముసిగా నవ్వుకుంది. ఇంకా రెండుసార్లు అడగాలి కదా!

రాజు రెండోసారి నోరు తెరిచేంతలో సభ మధ్యలో గుప్పున పొగ లేచింది. పొగలోంచి ధూమకంఠుడనే మాంత్రికుడు దిగాడు.

"ఇతనికి వద్దట. నాకు కావాలి!" అన్నాడు.

రాజు ముఖం పాలిపోయింది. కాదని ఒక్క మాట అంటే సరిపోయేది. మొహం మీదే ఎలా అంటామనుకుని, "అంటే... అదీ... చూద్దాం లెండి" అని నసిగాడు.

"చూద్దామంటే ఇచ్చినట్టే!" అంటూ వాడు తెర లాగేశాడు.

"నాకిష్టం లేదు! వద్దు!" అని అరిచింది తారావళి.

"మీ ఊళ్ళో వద్దంటే కావాలనేగా తల్లీ! ఏడు సముద్రాల అవతల నా దీవిలో, మూడు పున్నములకు మూడుసార్లు అడుగుతాను. మూడోసారి నువ్వేమన్నా ఒప్పుకున్నట్టే." ఆమెను పొగలో చుట్టుకుని మాయమయ్యాడు.

కుముదసేనుడు అన్నం ముట్టలేదు. కత్తి కట్టుకుని, నడిచి నడిచి మొదటి సముద్రం ఒడ్డు చేరాడు. అక్కడొక తాబేలు, మండువా ఇల్లంత తాబేలు, తల పైకెత్తింది.

"ఎక్కు నాయనా, దాటిస్తాను."

"అబ్బే, నీకెందుకు శ్రమ!"

"సరే అయితే," అని బుడుంగున మునిగింది.

మళ్ళీ అడుగుతుందని యువరాజు ఒడ్డునే కూర్చున్నాడు. తాబేలు రాలేదు. అలలు వచ్చాయి, పోయాయి. మొదటి పున్నమి వచ్చింది. అదే చందమామను అక్కడ తారావళి కూడా చూస్తూ ఉంటుందనుకుని అతను తెల్లవార్లూ ఆకాశం వంకే చూశాడు.

తర్వాత ఒక గండభేరుండ పక్షి వాలింది. "ఎక్కడికయ్యా?"

"అంటే... నీకు దారిలోనే అయితే... వీలుంటే... కొంచెం దూరం..."

పక్షి అతన్ని ఎత్తుకుని మూడు సముద్రాలు దాటి, ఒక ఒంటరి బండ మీద దించేసింది. "కొంచెం దూరమన్నావుగా. ఇంతకన్నా ఎక్కువైతే నువ్వు మొహమాటపడతావు," అని ఎగిరిపోయింది.

బండ మీద మనిషి లేడు, మాట లేదు. రెండో పున్నమి కూడా వచ్చింది. సభలో రాజు అడిగిన మాటకు ఇవ్వాల్సిన జవాబు అతను గాలికి చెప్పాడు, చేపలకు చెప్పాడు. "కావాలి మహారాజా. కావాలి." చెప్పిన కొద్దీ సులువనిపించింది. వినాల్సిన మనిషి లేని చోట ఎంత సులువో చూశార్రా!

మూడోసారి ఒక తిమింగలం నీళ్ళు చిమ్ముతూ అటుగా వచ్చింది. అది అడగకముందే కుముదసేనుడు గుండెలు పగిలేలా అరిచాడు. "నన్ను నాలుగు సముద్రాలు దాటించు! నాకు తారావళి కావాలి!"

"అరవకయ్యా, చెవుడు లేదు నాకు. ఎక్కు," అంది తిమింగలం.

మూడో పున్నమి నాడు పొద్దువాలే వేళకు అతను దీవిలో అడుగుపెట్టాడు. మాంత్రికుడు లోపల అద్దం ముందు బాసికం కట్టుకుంటున్నాడు. ముంగిట్లో ఇనుప పంజరం పక్కన తారావళి. పంజరంలో ఒక ముసలి చిలక.

"ఇప్పుడా రావడం?"

"దారిలో కొంచెం..."

"ఎవరో ఎక్కమంటే వద్దని ఉంటావు." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెంటనే తుడుచుకుని గుసగుసగా అంది. "వాడి ప్రాణం ఈ చిలకలో ఉంది. దీనికి మిరపకాయ పెడితే వాడి నోరు మండుతుంది. అందుకే రోజూ పెడుతున్నాను. కానీ వాడు తన నోటితో నాకొద్దంటే గానీ పంజరం తలుపు తెరుచుకోదట. చిలకే చెప్పింది."

ఇంతలో ధూమకంఠుడు బాసికంతో బయటికొచ్చాడు. "నువ్వా! పెళ్ళి భోజనానికొచ్చావా?"

కుముదసేనుడు పంజరాన్ని చేత్తో నిమిరాడు. "నీ చిలకను చూస్తున్నా. ఇంత పెద్ద మాంత్రికుడివి, ఈకలూడిన ఈ ముసలి పిట్టంటే ఇంత మోజేమిటయ్యా? కొంపదీసి ప్రాణమేమైనా ఇందులో దాచుకున్నావా?"

తారావళి పకపకా నవ్వింది.

మాంత్రికుడికి చెమటలు పట్టాయి. ఆ చిలక తనకు కావాలని అంటే గుట్టు బయటపడుతుంది. "ప్రాణమా! భలేవాడివే! ఈ పాడు చిలక నాకెందుకు?"

"అయితే వద్దా?"

"వద్దు! నాకొద్దు!"

క్లిక్కుమని తలుపు తెరుచుకుంది.

"అయ్యో, ఊరికే అన్నానయ్యా! ఇంకోసారి అడుగు!" అని మాంత్రికుడు పరుగెత్తుకొచ్చాడు.

"నీకేం కావాలి?" అని అడిగాడు కుముదసేనుడు. వాణ్ణి కాదు, చిలకను.

"ఆకాశం," అని చిలక రివ్వున ఎగిరిపోయింది. దాని వెనకే తన ప్రాణం కోసం, బాసికం ఊడిపోతుండగా, నీళ్ళ మీద పొగలా పరుగుపెట్టాడు ధూమకంఠుడు. మళ్ళీ ఎవరికీ కనబడలేదు.

ముంగిట్లో ఇద్దరే మిగిలారు. బండ మీద గాలికి చెప్పినంత సులువుగా లేదిప్పుడు. అయినా కుముదసేనుడు చెప్పాడు.

"నువ్వు కావాలి నాకు. చేసుకుంటావా నన్ను?"

తారావళి అతని ముఖంలోకి చూసింది. "ఇంకోసారి అడుగు."

"నీకూ మొహమాటమేనా?"

"మొహమాటం కాదు. ఈ మాట కోసం మూడు పున్నములు కాచుకున్నాను. ఒక్కసారి వింటే తీరుతుందా?"

అడిగాడు. తిమింగలం ఏడు సముద్రాలూ దాటించేదాకా అడుగుతూనే ఉన్నాడు. మందారగిరిలో ఆకాశమంత పందిరి వేసి పెళ్ళి చేశారు. వాళ్ళు అరవై ఏళ్ళు చల్లగా రాజ్యమేలారు. జుట్టు నెరిసి, పళ్ళూడిపోయాక కూడా రాణి అడగమనేది, రాజు అడిగేవాడు.