మూడో వాల్వు చప్పుడు

పైడయ్య మేస్త్రిని ఏదైనా ప్రశ్న అడిగితే జవాబు ఆ రోజు దొరకదు. మర్నాడూ దొరకదు. ఆయన దూదితో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకుంటూ అడిగినవాడి ముఖం కాసేపు చూసి, "ముందా బండి బ్రేకులు సూడు" అని ఏదో ఒక పని పురమాయిస్తారు. అడిగినవాడు తన ప్రశ్న గాలికి పోయిందనుకుంటాడు. నెలకో రెండు నెలలకో, ఏ బండి కిందో వెల్లకిలా పడుకుని ఉండగా జవాబు వచ్చి వాడికే తగులుతుంది. విశాఖపట్నం మర్రిపాలెంలో ఆయన షెడ్డులో పని నేర్చుకుని వెళ్లినవాళ్లు పాతికమంది దాకా ఉంటారు. మేస్త్రి తమకు ఏమీ చెప్పలేదనే అందరూ అంటారు, ఆయన పేరు చెప్పుకునే అందరూ బతుకుతున్నారు.

తవిటినాయుడు ఆ షెడ్డులో చేరి తొమ్మిదేళ్లయింది. ముప్ఫై రెండేళ్లవాడు. చెయ్యి చక్కనిది, మనిషి నిజాయితీపరుడు. ఉన్నదల్లా ఒకటే జబ్బు, ఎదురుగా లోపం కనిపిస్తే అతనికి అన్నం సయించదు. టీ తాగడానికి వెళ్లి, పక్కనున్నవాడి స్కూటరు చైను వదులుగా ఉందని అడగకుండానే బిగించి వస్తాడు. మంచి గుణమే కదా అంటారు ఎవరైనా. అతనూ అదే అనుకుని, ఒక రోజు గురువుగారిని నిలదీసినంత పని చేశాడు.

"లోపం కళ్లెదర కనపడతంటే ముట్టుకోకుండా ఒగ్గేసినోణ్ని మెకానిక్కనొచ్చా గురువుగారూ?"

ఆ ప్రశ్న వెనకాల ఒక ఎర్ర కారు ఉంది. అది దేవసహాయం గారిది. ఓడరేవులో ఓడలను లాగే టగ్గు పడవల మీద ఇంజనీరుగా పనిచేసి రిటైరైన మనిషి, డెబ్బై ఆరేళ్లు ఉంటాయి. ఇరవై ఎనిమిదేళ్ల కిందట ఓ ఓడ కంపెనీ దొర ఊరు విడిచి వెళ్తూ అమ్మేస్తే కొన్నారు. ఇద్దరే పట్టే స్పోర్ట్స్ కారు. పైకప్పు మడిచి వెనక్కి నెట్టేయవచ్చు, కూర్చుంటే నేల మీద పీట వేసుకుని కూర్చున్నట్టే ఉంటుంది. ఆ జాతి బండి మన రోడ్ల కోసం పుట్టింది కాదు. స్పీడు బ్రేకర్ వచ్చిందంటే దాని కడుపు రాసుకుంటుంది, సముద్రపు ఉప్పుగాలికి కీళ్లన్నీ తుప్పు పడతాయి, పైకప్పు గుడ్డ ఏటా ఎక్కడో ఒక చోట చిరుగుతుంది. మేస్త్రి మూడు నెలలకొకసారి ఆయిలు మార్చి, హ్యాండ్ బ్రేకు తీగ సరిచేసి, వాననీళ్లు పోయే కన్నాలను కొబ్బరి పుల్లతో పొడిచి, దొరకని సామాను బదులు వేరే బండిది తెచ్చి ఆకురాయితో రాసి సరిపెట్టి, దాన్ని పసిబిడ్డను సాకినట్టు సాకుతూ వచ్చారు. ఒక్క చప్పుడు మాత్రం ఉంచేశారు. ఇంజనులో మూడో వాల్వును తోసే ముక్క, రాకర్ అంటారు, అది అరిగి బండి నడుస్తున్నంతసేపూ టకటకలాడేది. దానికి తోడు సైలెన్సరు గొట్టం అతుకు దగ్గర సన్నటి లీకు ఉండి, మధ్యమధ్య ఫుస్సుమనేది. రెండు వీధుల అవతల ఉండగానే ఆ బండి వస్తోందని తెలిసిపోయేది. రెండూ కలిపి బాగుచేయడం ఒక్క పూట పని.

మేస్త్రి అలవాటు ప్రకారం వేళ్లు తుడుచుకున్నారు. "దేవసహాయం గారి బండి సర్వీసుకొచ్చింది. ఆయిలు మార్సు, కన్నాలు పొడువు. సప్పుడు జోలికెల్లకు" అన్నారు. ఆ సాయంత్రమే మేనకోడలి పెళ్లికని బొబ్బిలి బస్సెక్కారు, ఐదు రోజులకు గానీ రారు.

గురువుగారికి వయసు మీద పడింది అనుకున్నాడు నాయుడు. చూపు ఆనడం లేదు, వాల్వు సందు కొలిచే పల్చటి రేకులు పట్టుకోవాలంటే వేళ్లు వణుకుతాయి కాబోలు, చేతకాదని చెప్పుకోలేక ముట్టుకోవద్దంటున్నారు. అతనికి నిజంగానే జాలేసింది. కోపంతో చేసిన పని అయితే ఎక్కడో ఒక చోట ఆగేవాడేమో, జాలితో మొదలుపెట్టాడు గనక ఆఖరిదాకా చేశాడు. కొత్త రాకర్ వేశాడు. గొట్టం అతుకు విప్పి, గీకి, లీకు ఆపే కొత్త గ్యాస్కెట్ పెట్టి బిగించాడు. అరిగిన ముక్కనూ మాడిపోయిన గ్యాస్కెట్‌నూ తుక్కు డబ్బాలో పడేస్తే, శనివారం పొద్దున్న తుక్కు బండివాడు వచ్చి డబ్బా ఎత్తుకుపోయాడు. అప్పుడు ఇంజను నడుస్తుండగా దాని నెత్తిన ఒక రూపాయి బిళ్లను అంచు మీద నిలబెట్టాడు. బిళ్ల పడలేదు. మెకానిక్కన్నవాడికి అంతకు మించిన బిరుదు లేదు, నాయుడు దాన్ని చూసుకుంటూ ఒక్కడే నవ్వుకున్నాడు.

సాయంత్రం దేవసహాయం గారు వచ్చి తాళం తిప్పారు. విన్నారు. ఆపి, మళ్లీ తిప్పారు.

"ఆ చప్పుడేది నాయుడూ?"

"తీసేశాను సార్. ఇంక రాదు."

పెద్దాయన మూడోసారి తాళం తిప్పి విన్నారు. చివరికి "పోనీలే, మంచి మనసుతో చేశావు" అని బండి పోనిచ్చారు. నాయుడు అది మెచ్చుకోలనుకున్నాడు. సోమవారం తను వచ్చేసరికి షెడ్డు తలుపు ముందు మెట్టు మీద ఆయన కూర్చుని ఉన్నారు. చర్చికి వేసుకున్న తెల్ల చొక్కా నిన్నటిదే, నలిగిపోయి ఉంది. "ఆ చప్పుడు మళ్లీ పెట్టగలవా?" అని అడిగారు. నాయుడు హాస్యమనుకుని నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయాడు.

మంగళవారం మేస్త్రి వచ్చి, బండి స్టార్టు చేయించుకుని తల వంచుకుని విన్నారు. తిట్టలేదు. తిట్టి ఉంటే నాయుడికి తేలికపడేది. "ఈ ఆదోరం ఆయన కూడా నువ్వెల్లు" అన్నారు, అంతే.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక, భీమిలి రోడ్డు మీద సముద్రం పక్కన బండి మెత్తగా జారిపోతుంటే, దేవసహాయం గారు చెప్పారు. ఆయన భార్య ఎస్తేరమ్మ మూడేళ్లుగా భీమిలి దాటాక సిస్టర్లు నడిపే ఒక ఇంట్లో ఉంటోంది. పిల్లలు లేరు. మతి పోయే జబ్బు. పేర్లు పోయాయి, ముఖాలు పోయాయి, అద్దంలో తనను చూసి ఎవరీ ముసలావిడ అంటుంది.

"పోర్టులో నా డ్యూటీకి వేళంటూ ఉండేది కాదు నాయుడూ. ఏ వేళకొచ్చినా, వీధి మలుపులో టకటక వినపడగానే తను వచ్చి గేటు తీసేది. ఇన్నేళ్లలో నేను దిగి గేటు తీసుకున్నది లేదు, హారన్ కొట్టింది లేదు. అన్నీ మర్చిపోయింది గానీ ఆ చప్పుడు మర్చిపోలేదు. ఆదివారం ఈ బండి మలుపు తిరిగితే చాలు, లేచొచ్చి గేటు తీసి, ఇంత ఆలస్యమైందేం, అన్నం చల్లారిపోయింది అనేది. ఒక అరగంట నా ఎస్తేరు నాకు ఉండేది. తర్వాత మళ్లీ పోయేది. వారమంతా ఆ అరగంట కోసమే ఉండేవాణ్ని."

"ఈ సంగతి మా గురువుగారికి తెలుసా సార్?"

"ఉంచమన్నాను. ఎందుకని ఆయన అడగలేదు."

బండి మలుపు తిరిగి గేటు ముందు ఆగింది. లోపల వరండాలో నీలం చీర కట్టుకున్న సన్నటి ముసలావిడ కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. తల ఎత్తలేదు. ఇంజను తిరుగుతూనే ఉంది, దాని చప్పుడు తన చెవికే ఆనడం లేదు నాయుడికి. దేవసహాయం గారు కాసేపు ఆగి హారన్ నొక్కారు. వాచ్‌మన్ వచ్చి గేటు తీశాడు. పెద్దాయన మెట్లెక్కి ఎదురుగా నిలబడితే ఆవిడ మర్యాదగా కొంగు సర్దుకుంది.

"ఎవరు కావాలి బాబూ? మా ఆయన ఇంట్లో లేరు. పోర్టు నుంచి ఇంకా రాలేదు. వచ్చే వేళే, కూర్చోండి."

ఆయన కూర్చున్నారు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని ఆయన కోసం ఎదురుచూశారు. నాయుడు అది చూడలేక బండి దగ్గరికి వచ్చేశాడు. అంత చక్కగా పనిచేస్తున్న ఇంజను మీద అతనికి అసహ్యం పుట్టింది.

మర్నాటి నుంచి అతను మనిషి కాడు. తుక్కు కొట్టుకు పరుగెత్తి మూడు రోజులు ఇనుప గుట్టలు తిరగేశాడు. ఆ వారం సరుకంతా అప్పటికే లారీలో కొలిమికి వెళ్లిపోయిందన్నారు. వాల్వు సందు పెంచి చూశాడు, చప్పుడు వచ్చింది గానీ గోడకు మేకు కొడుతున్నట్టు వచ్చింది. కొత్త రాకర్‌ను ఆకురాయితో అరగదీశాడు, కుట్టు మిషను చప్పుడు వచ్చింది. గ్యాస్కెట్‌కు పిన్నంత కన్నం పొడిస్తే ఫుస్సు బదులు ఈల వేసింది. దేవసహాయం గారు రోజూ వచ్చి, స్టూలు మీద కూర్చుని కళ్లు మూసుకుని వినేవారు. "దగ్గరికొచ్చింది" అనేవారు ఒకసారి. "అబ్బే" అనేవారు పదిసార్లు. మేస్త్రి కూడా లుంగీ ఎగ్గట్టి బండి కింద దూరారు. సన్నటి రేకును వాల్వు సందులో పెట్టి ఆయన కొలుస్తుంటే నాయుడు టార్చి పట్టుకున్నాడు. ఆ వేళ్లు ఇసుమంతైనా వణకలేదు. నాయుడికి ఏడుపు వచ్చింది గానీ, టార్చి కదులుతుందని ఆపుకున్నాడు.

ఇరవై ఎనిమిదేళ్ల పాటు డ్యూటీలకూ చర్చికీ వెళ్లి, వానల్లో తడిసి, కల్తీ పెట్రోలు తాగి, ఒక ఇంటికి తిరిగొచ్చి తిరిగొచ్చి అరిగిన అరుగుదల అది. దాన్ని ఆకురాయి ఎలా చేస్తుంది? చెడినదాన్ని బాగుచేసే విద్య నాయుడికి కొట్టిన పిండి. బాగున్నదాన్ని సరిగ్గా అంతే, అలాగే, అక్కడే చెడగొట్టే విద్య లోకంలో ఎవరూ ఎవరికీ నేర్పలేదు. సరిగ్గా వచ్చేదాకా ఆవిడ చెవిన వేయవద్దని పెద్దాయన మూడు ఆదివారాలు బస్సులోనే వెళ్లొచ్చారు.

నాలుగో శనివారం మాత్రం ముగ్గురికీ ఆశ కలిగింది. ఎక్కడో పాత బండిది అరిగిన రాకర్ ఒకటి దొరికింది. టకటక వచ్చింది, దాని వెనక ఫుస్సు కూడా వచ్చింది. దేవసహాయం గారు కళ్లు తెరవకుండానే చెయ్యి చాపి నాయుడి మోచెయ్యి పట్టుకున్నారు. మర్నాడు ఇద్దరూ కలిసి వెళ్లారు. బండి మలుపు తిరిగింది. వరండాలో కుర్చీ కదిలింది. ఎస్తేరమ్మ లేచి, చేతులు చీరకు తుడుచుకుంటూ మెట్లు దిగి, గబగబా గేటు దాకా వచ్చి గడియ మీద చెయ్యి వేసింది. నాయుడు కళ్లు మూసుకుని పైడితల్లమ్మకు మొక్కుకున్నాడు. పక్క సీటులో పెద్దాయన ఇంజను ఆపకుండా అలాగే ఉంచారు. ఆవిడ తల కాస్త వంచి వింది. ఇంకాస్త వంచి వింది. గడియ మీద నుంచి చెయ్యి తీసేసింది.

"మనది కాదు. వేరే ఎవరిదో" అని తనలో తాను చెప్పుకుని, వెనక్కి వెళ్లి కూర్చుంది. ఆ తర్వాత రెండు ఆదివారాలు ఏ చప్పుడుకీ లేవలేదు.

"ఇంక చాలు నాయుడూ" అన్నారు దేవసహాయం గారు. "ఈ ఇంజన్ని ఊరికే హింస పెట్టకు. బండి ఎలా ఉండాలో అలా చేసిచ్చేయ్." ఇంజను మళ్లీ విప్పి, కొత్త ముక్కలు వేసి, సందులు సరిగ్గా కొలిచి, నాయుడు అలాగే చేశాడు. కన్నాలు పొడిచాడు. పైకప్పు చిరుగు కుట్టించాడు. ఆయన ఆదివారం ఎప్పటిలా తీసుకెళ్లడానికి దాన్ని కడిగి వాకిట్లో పెట్టాడు.

అప్పుడు వచ్చి గురువుగారి ముందు నేల మీద కూలబడ్డాడు. వారం నుంచి సరిగ్గా తిండి లేదు, గడ్డం మాసి ఉంది. "నాను సేసిన పాపానికి ఏ సిచ్చేసినా పడతాను గురువుగారూ. ఇంకేటైనా దారుంటే సెప్పండి. ఎన్నేళ్లు పట్టినా సరే, బాగుసేస్తాను."

మేస్త్రి దూది తీసుకుని వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకున్నారు. ఈసారి ఏ పనీ పురమాయించలేదు. వాకిట్లో ఎండకు మెరుస్తున్న ఎర్ర కారును చాలాసేపు చూశారు.

"లోపముంటే ఇద్దరం కూకొని బాగుసేద్దుము నాయుడూ" అన్నారు. "దాన్లో ఇప్పుడు లోపమేటీ లేదు."