వైకుంఠ రథానికి వేరే గేర్‌బాక్సు

మస్తాన్ మేస్త్రిని ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన జవాబు చెప్పడు, చేతికో స్పానరు ఇస్తాడు. చీరాలలో ఆయన షెడ్డులో పని నేర్చుకున్నవాళ్లందరూ ఈ ఇబ్బంది పడ్డవాళ్లే. క్లచ్ ఎందుకు జారుతోంది మేస్త్రీ అంటే "విప్పు" అంటాడు. విప్పాక, ఇప్పుడు చెప్పండి అంటే "బిగించు" అంటాడు. ఒకడు వేళాకోళానికి "మేస్త్రీ, దేవుడున్నాడంటారా?" అని అడిగాడట. వాడిచేత పొద్దుగూకేదాకా డీజిలు ట్యాంకు కడిగించి, ఆఖర్న తనే పోయి టీ తెచ్చి ఇచ్చాడట. ఆ టీ తాగినవాడు మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఎందుకెత్తలేదని అడిగినవాళ్లకు ఇప్పటికీ సరిగా చెప్పడు.

అలాంటి మనిషిని దేవసహాయం ఒకరోజు ఇంటి సంగతి అడిగాడు. దేవసహాయం ఆయన శిష్యుల్లో పాతవాడు, నడివయసుకు దగ్గర పడినవాడు, మాటల మనిషి కాడు. అతని భార్య సువార్త విషజ్వరం వచ్చి పోయింది. అక్కలు పోరుపెట్టి, వేటపాలెం నుంచి ఎస్తేరు అనే ఆమెనిచ్చి మళ్లీ పెళ్లి చేశారు. పెళ్లయి ఏడాది తిరగకముందే ఎస్తేరు పుట్టింటికి పోతానంటోంది. శనివారం ఆమె అన్న మోషే వచ్చి తీసుకుపోతాడు. ఆ పోవడం పండక్కి పోవడం లాంటిది కాదని ఇంట్లో ఇద్దరికీ తెలుసు.

"మేస్త్రీ, ఆమెలో ఏ లోపమూ లేదు" అన్నాడు దేవసహాయం. "నాకా, తాగుడు లేదు, చెయ్యి చేసుకునే అలవాటు లేదు. ఇద్దరం మంచోళ్లమే. మరి ఇల్లెందుకు నడవట్లేదు?"

ఆ ఇంట్లో నిజంగానే గొడవలు లేవు. ఉంటే ఇరుగుపొరుగు వచ్చి సర్దేవాళ్లు. జరిగేదల్లా ఇంతే. అన్నానికి కూర్చుంటే దేవసహాయం చెయ్యి మజ్జిగ గ్లాసు కోసం ఎడమపక్కకు పోతుంది. సువార్త ఎప్పుడూ అటే పెట్టేది. ఎస్తేరు కుడిపక్కన పెడుతుంది. చెయ్యి ఖాళీ నేలను తడిమి ఆగిపోతుంది, అతని మొహం వాడిపోతుంది. అతను ఒక్క మాట అనడు. ఎదురుగా కూర్చున్న ఎస్తేరు ఆ మొహం చూస్తుంది. తువ్వాలు దగ్గర, తాళంచెవి దగ్గర, పడుకునే చాప దగ్గర, రోజుకెన్నిసార్లో ఇదే తంతు. తిడితే ఎదురుతిట్టవచ్చు. తిట్టని మనిషిని ఏం చెయ్యాలి? చివరికి ఆమె ఒక్కటే అంది: "తప్పు నాదైతే దిద్దుకుంటాను. నాది కాని తప్పు నేనెట్టా దిద్దుకునేది? నన్ను పంపెయ్యండి."

ఈ మాట కూడా దేవసహాయం మేస్త్రికి చెప్పాడు. ఆయన విన్నాడో లేదో తెలియదు. షెడ్డు ముందు అప్పుడే తాడు కట్టి లాక్కొచ్చిన వ్యానుకేసి చూసి, "రథం వచ్చింది. కిందికి దూరు" అన్నాడు.

అది ఊళ్లో ఒక సంఘం వాళ్లు నడిపే వైకుంఠ రథం. ఒకప్పుడు పెళ్లిబృందాలను మోసిన వ్యాను. సీట్లు పీకేసి, అద్దాల పెట్టె బిగించి, పక్కల మీద శంఖచక్రాలు వేయించి దాన్ని శవాలను మోసే పనిలో పెట్టారు. పెళ్లిళ్ల రోజుల నుంచి దాని డ్రైవరు కొండలు అనే అతనే. మనుషులను ఊరేగించినవాడే ఇప్పుడు సాగనంపుతున్నాడు. ఊళ్లో వాళ్లు అతన్ని చూస్తే దణ్ణం పెడతారు గానీ ఇంటికి రమ్మని పిలవరు.

విప్పి చూస్తే గేర్‌బాక్సు బతికేటట్టు లేదు. పళ్లు రాలిపోయాయి, పైచిప్ప బద్దలైంది. అలాంటి బాక్సులు తయారుచేయడం కంపెనీ ఎప్పుడో మానేసింది. విజయవాడ తుక్కు షాపులన్నీ గాలిస్తే పాతదానికి జత దొరకలేదు గానీ, బోల్తాపడి ఇంజను నుజ్జయిన ఒక కొత్తరకం వ్యానులోంచి చెక్కుచెదరని బాక్సు ఒకటి దొరికింది. దాన్నే పట్టుకొచ్చారు.

వేరే బండి బాక్సు ఈ బండికి ఊరికే కూర్చోదు. ఇంజను వైపు బోల్టు రంధ్రాలు కలవలేదు. రెండిటికీ మధ్య ఒక ఇనపప్లేటు లేతు మీద కోయించారు. కొత్త బాక్సు పొడుగెక్కువ, అందుకని వెనక చక్రాలకు పోయే షాఫ్టును కోసి, కురచ చేసి, మళ్లీ వెల్డింగు పెట్టించారు. గేరురాడ్డు జానెడు వెనక్కి జరిగింది. దానికోసం నేల రేకులో కొత్త కంత కోసి పాత కంత మూసేశారు. వేసవి ఎండలో రేకుల షెడ్డు కింద పడుకుని పనిచేస్తూ దేవసహాయం తన ప్రశ్న సంగతి మరిచిపోలేదు. మేస్త్రి మరిచిపోయాడేమోనని మాత్రం బెంగగా ఉండేది.

అన్నీ కలిశాయి, ఒక్కటి తప్ప. పాత బాక్సులో రాడ్డును ఎడమకు లాగి పైకి తోస్తే ఫస్టుగేరు పడేది. కొత్తదాంట్లో సరిగ్గా అక్కడ రివర్సు ఉంది. ఫస్టు కావాలంటే ఎడమకు లాగి కిందికి దింపాలి. మేస్త్రి గేరుబుడిపె మీద తెల్లరంగుతో గీతలు గీసి, కొండలు పక్కన కూర్చుని, ఖాళీ మైదానంలో పొద్దుటి పూటంతా బండి తిప్పించాడు. కొండలు ఒక్కసారి కూడా తప్పు వెయ్యలేదు. మేస్త్రి మళ్లీ మళ్లీ చెప్పబోతే అతనికి ఉక్రోషం వచ్చింది.

"నేనేమన్నా పిలకాయనా మేస్త్రీ? చెయ్యి నాది కాదా?"

శనివారం పొద్దున్నే రథానికి పిలుపు వచ్చింది, చేనేత కాలనీ నుంచి. మేస్త్రి దేవసహాయాన్ని పిలిచి, "నువ్వూ ఎక్కు. బరువు మీద బాక్సు ఏమంటుందో విని రా" అన్నాడు.

"ఇయ్యాల మా బావమరిది వస్తున్నాడు మేస్త్రీ."

"సాయంత్రం బస్సుకి గదా పోయేది. ఈలోపు వచ్చేస్తావులే."

దేవసహాయానికి ఒళ్లు మండింది. జీవితం తలకిందులయ్యే రోజున గేర్‌బాక్సు మాటలు వినిరమ్మంటాడా ఈయన! కాని మస్తాన్ మేస్త్రికి కాదని చెప్పడం అతను నేర్చుకోలేదు. వెళ్లి కొండలు పక్కన కూర్చున్నాడు.

పోయినవాడు మగ్గం నేసే ముసలాయన. భార్య నాంచారమ్మ. పిల్లల్లేరు. ఆయన నేస్తుంటే ఆమె పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టేది. పెళ్లయినప్పటి నుంచీ ఇద్దరూ అలా పక్కపక్కనే బతికారని ఆ వీధి వీధంతా చెప్పుకుంటున్నారు. శవాన్ని వెనక తలుపులోంచి అద్దాలపెట్టెలోకి ఎక్కించారు. తమ్ముడి కొడుకు నిప్పుకుండ పట్టుకుని బండి ముందు నిలబడ్డాడు. మగవాళ్లు ముందుకు నడిచారు. అక్కడి ఆచారం ప్రకారం ఆడవాళ్లు గుమ్మం దగ్గరే, బండి వెనక, ఆగిపోయారు. డప్పులు ఒక్కసారిగా మోగాయి. ఎవరో పేలాలు చల్లారు. నాంచారమ్మ గొంతు డప్పులను మించి లేచింది.

కొండలు ఇంజను వేశాడు. ఆ డప్పులు, ఆ ఏడుపు, ఆ పూలవాసన అతనికి కొత్తకాదు. ఎన్ని ఇళ్ల ముందు అలా కదిలించాడో. అతని చెయ్యి ఎప్పుడూ పోయినట్టే ఎడమకు లాగి, పైకి తోసింది. దేవసహాయం చూశాడు. నోరు తెరిచేలోపే కొండలు క్లచ్ వదిలాడు.

వైకుంఠ రథం వెనక్కి కదిలింది.

బయలుదేరిన శవం ఇంటి వైపు తిరిగి రాకూడదని ఆ వీధిలో గట్టి పట్టింపు. ఆడవాళ్లు కెవ్వుమని చెదిరిపోయారు. నాంచారమ్మ చెదరలేదు. బంపరు ఆమె మోకాళ్లకు తగిలింది, ఆమె కూలబడింది. ముందున్న మగవాళ్లు పరుగెత్తుకొచ్చి బండి పక్కల మీద దబదబా బాదారు. కొండలు బ్రేకు తొక్కి, స్టీరింగు మీద తల ఆనించేశాడు. దేవసహాయం దిగి వెనక్కి పరుగెత్తేసరికి నాంచారమ్మ లేచింది. ఆమె మొహంలో అప్పటిదాకా లేని వెలుగు కనబడింది.

"పోనన్నాడమ్మా!" అని అరిచింది. "నన్నొదిలి పోలేక ఎనక్కొచ్చాడు! తలుపు తియ్యండి, మా ఆయన్ని దించండి!"

వెనక తలుపు పిడిని రెండు చేతులతో పట్టుకుంది. అత్తా అని ఒకరు, పెద్దమ్మా అని ఒకరు బతిమాలారు. డ్రైవరు చెయ్యి తప్పిందని, గేరు మారిందని ఆమెకు ఎవరు చెప్పగలరు? చెప్పినా ఆమెకెందుకు? పక్కనున్న చుట్టాలకు ఆమెను ముట్టుకునే ధైర్యం చాలలేదు. చివరికి బండి తాలూకు మనిషని దేవసహాయాన్నే తోశారు. అతను ఆ ముసలి వేళ్లను పిడి మీద నుంచి ఒక్కొక్కటిగా విడదీశాడు. ఒకటి విడదీస్తే ఇంకొకటి బిగుసుకుంటోంది. సువార్త పెట్టె మీద మట్టి వేసిన రోజు కూడా ఏడవనివాడు, ఆ వేళ్లను విప్పుతూ ఏడ్చాడు. చూసినవాళ్లు అతను కూడా దగ్గరి చుట్టమే అనుకున్నారు.

ఈసారి కొండలు రాడ్డును చూస్తూ వేశాడు. రథం ముందుకు పోయింది. శ్మశానం దాకా గేర్‌బాక్సు చిన్న చప్పుడు చెయ్యలేదు.

అక్కణ్నుంచి దేవసహాయం షెడ్డుకు పోలేదు. బూడిదవాసన ఒంటి మీద ఉండగానే ఇంటికి నడిచాడు. తనకు సంగతి తెలిసిపోయిందనుకున్నాడు. దారి పొడుగునా ఏం చెప్పాలో కూర్చుకున్నాడు. ఎస్తేరుకు చెప్పాలి, ఆమె తప్పు లేదని, ఖాళీ నేల తడుముతున్నది తన చెయ్యేనని. కొంచెం కాలం ఓర్చుకోమని అడగాలి. అడిగితే ఆగుతుందని అతనికి నమ్మకం కలిగింది.

మోషే అప్పటికే వచ్చి పంచలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎస్తేరు బట్టల సంచితో గుమ్మంలో నిలబడి ఉంది. ఆమెను చూడగానే దేవసహాయానికి కూర్చుకున్న మాటలన్నీ ఒకదానిమీదొకటి పడ్డాయి. అవన్నీ ఒక్కసారే బయటికి తోసుకొచ్చాయి.

"ఉండు. నువ్వు పోవద్దు సువార్తా."

అన్నదేమిటో అతనికి తెలియలేదు. మోషే తల దించుకోవడం చూశాక తెలిసింది. ఎస్తేరు కోపగించుకోలేదు. సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"ఆవిడెక్కడికీ పోలేదులెండి" అంది. "పోయేది నేను."

సాయంత్రం బస్సులో వాళ్లిద్దరూ వెళ్లిపోయారు. బస్సు మలుపు తిరిగేదాకా దేవసహాయం రోడ్డు మీదే నిలబడ్డాడు. ఇంటికి పోబుద్ధి కాక షెడ్డుకు పోయాడు. రథం లోపలే ఉంది. మేస్త్రి ఒక్కడే బల్ల మీద కూర్చుని కిరసనాయిలుతో చేతులు కడుక్కుంటున్నాడు.

"బాక్సు ఏమంది?"

"బాగుంది మేస్త్రీ. చప్పుడు లేదు, వణుకు లేదు. దాని తప్పేం లేదు." బల్ల చివర కూర్చుని, "ఎస్తేరు పోయింది" అన్నాడు. ఎలా పోయిందో కూడా చెప్పాడు. ఆఖరి నిమిషంలో తన నోట వచ్చిన పేరు కూడా దాచలేదు.

మేస్త్రి గుడ్డతో వేళ్లు తుడుచుకుంటూ ఉండిపోయాడు. ఆయన కూడా బాధపడుతున్నాడని దేవసహాయానికి తెలిసింది. శిష్యుడి కష్టానికి ఆయన మొహం అలా నల్లబడడం ఎన్నడూ చూడలేదు.

"సంఘం వాళ్లు వచ్చిపోయారు" అన్నాడు చివరికి. "కొండల్ని మానిపిస్తామన్నారు. వద్దన్నాను. రేపు కూడా వాడే తోలతాడు."

దేవసహాయం ఉలిక్కిపడ్డాడు. "మళ్లీ చెయ్యి అటే పోతే?"

"పోతుందిరా. అట్టా పోయినప్పుడు, వెనక ఎవరు నిలబడి ఉన్నారో చూసుకున్నాకే క్లచ్ వదలమన్నాను."